తొలి పుట్టినరోజు చూడని పసివాళ్లు

సంపాదకులకు నమస్కారం.

2020 నమూనా నమోదు సర్వే ప్రకారం దేశంలో సజీవంగా పుట్టిన ప్రతి వెయ్యి మంది శిశువుల్లో 28 మంది ఏడాది నిండకుండానే కన్నుమూశారు. కేరళలో ఆ సంఖ్య 6, మధ్యప్రదేశ్‌లో 43. ఒకే దేశంలో ఇంత తేడా ఉన్నప్పుడు దీన్ని తలరాత అనుకోవడం తప్పు. ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో దాదాపు 29 శాతం మందికి పద్దెనిమిదేళ్లు నిండకముందే పెళ్లయిందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఎదుగుదల పూర్తికాక, ఒంట్లో రక్తం చాలని అలాంటి తల్లికి రెండున్నర కిలోలైనా తూగని బిడ్డ పుడితే, ఆ బిడ్డకు ఒంటి వేడి నిలవదు, పాలు పీల్చే సత్తువ ఉండదు.

మా పాడేరు ఏజెన్సీలో రోడ్డు లేని ఊళ్ల నుంచి గర్భిణులను ఇప్పటికీ డోలీలో మోసుకొస్తున్నారు. నొప్పులు మొదలయ్యేదాకా ఆగకుండా, ముందే వారిని ఆసుపత్రి దగ్గరి వసతి గృహాలకు చేర్చాలి.

ముర్రుపాలు పచ్చగా ఉన్నాయని పిండి పారబోసి, బిడ్డ నాలుకకు తేనె రాసే పెద్దవాళ్లను నేను స్వయంగా చూశాను. వాళ్లు ప్రేమతోనే అలా చేస్తారు, కానీ బిడ్డకు తొలి రక్షణ ఆ పాలే. ఆశా కార్యకర్తలు కోడలికి చెబితే సరిపోదు. అత్తగారినీ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాలి, అందుకు తగిన సమయం వారికి ప్రభుత్వం ఇవ్వాలి.

– ఒక పాఠకురాలు, పాడేరు