మేడ మీది సౌర విద్యుత్తు గురించి కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం రెండు కిలోవాట్లకు 60,000, మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఇస్తున్నందున, సొంత మేడ ఉన్న మధ్యతరగతి కుటుంబానికి తన కరెంటు తానే తయారు చేసుకోవడం ఇక అందని మాట కాదు. ఒక కిలోవాట్ సౌర పలకలు (సోలార్ ప్యానెళ్లు) ఎండ బాగా కాసిన రోజున సుమారు 4 యూనిట్లు ఇస్తాయి.

అయితే 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత రోజుల తరబడి చీకట్లో గడిపిన మా ఇరుగుపొరుగులో చాలామంది, పలకలుంటే కరెంటు పోదనే అనుకుంటున్నారు. పలకల కరెంటు వీధి తీగల్లోకి పారి స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణానికి ముప్పు రాకుండా, వీధి సరఫరా ఆగగానే, ఆ కరెంటును ఇంటి వాడకానికి మార్చే మామూలు సౌర ఇన్వర్టర్ కూడా తనంతట తానే ఆగిపోతుందనీ, అప్పుడూ దీపం వెలగాలంటే బ్యాటరీతో పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలనీ (దానికి ఖర్చు బాగానే పెరుగుతుంది) డబ్బు కట్టకముందే వారికి తెలియాలి. అలాగే సముద్రపు ఉప్పుగాలికి నాసిరకం ఇనుప స్టాండ్లు త్వరగా తుప్పు పడతాయి. తుపాను గాలికి బిగింపు గట్టిగా లేని పలకలు పక్కింటికీ ప్రమాదమే.

కావున వార్డు సచివాలయాలలో ఈ వివరాలను తెలుగులో ప్రదర్శించి, తీరప్రాంత ఇళ్లకు తగిన బిగింపు నమూనాను ప్రకటించవలసిందిగా మనవి చేస్తున్నాను.

ఇట్లు,
ఎంవీపీ కాలనీ నివాసి