రాసింది ఒకరు, నోటీసు ఇంకొకరికి

కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ కార్యదర్శి గారికి,

నమస్కారమండి. భీమవరంలో రొయ్యల ధరలు పెట్టే చిన్న వెబ్‌సైట్ నడుపుతున్నాను. వంద కౌంట్ (కిలోకు వంద రొయ్యలు తూగేవి) ఎంత, ముప్పై కౌంట్ ఎంత, పొద్దున్నే అదే పని. ధరల కింద రైతులు తమ మాటా రాస్తారు. మొన్నామధ్య ఒకాయన, ‘ఫలానా ఏజెంటు కాటాలో కొట్టేస్తున్నాడు, ఐసు నీళ్ల పేరు చెప్పి తరుగు తీస్తున్నాడు’ అని రాశాడు. వారం తిరక్కుండా లాయరు నోటీసు. రైతుకు కాదు, నాకు.

సైటులో వేరేవాళ్లు రాసినదానికి మమ్మల్ని పట్టుకోకుండా ఐటీ చట్టం 79వ సెక్షన్ మాలాంటివాళ్లకు రక్షణ ఇచ్చింది. తెలిసీ తీయకపోతే ఆ రక్షణ పోతుంది. కోర్టు ఉత్తర్వో ప్రభుత్వ నోటిఫికేషనో అందితేనే మాకు విషయం తెలిసినట్టు లెక్క అని 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బానే ఉంది. ఆ మాట కోర్టుకెళ్లి చెప్పుకోడానికి లాయరు ఫీజు ఎవరిస్తారు? అందుకే చాలామంది నోటీసు చూడగానే ఆ రాసింది తీసేస్తారు. ప్రజల మేలు కోసం చెప్పిన నిజం పరువునష్టం కాదని భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లోనే ఉంది. కానీ తీసేశాక నిజమో కాదో తేల్చేదెవరు?

ఏజెంటు గోడూ కొట్టిపారేయలేం. అబద్ధపు ఆరోపణ ఒక్కటి చాలు, మరుసటిసారి చెరువులో రొయ్యలు పట్టేటప్పుడు అతన్ని ఎవరూ పిలవరు.

నేనడిగేది ఇంతే. ఫిర్యాదు రాగానే రాసినవాడికి కబురు పెట్టి, జవాబుకు గడువిచ్చి, ఆ తర్వాతే తీయాలా ఉంచాలా అన్నది చూసే పద్ధతి చిన్న సైట్ల కోసం నిబంధనల్లో రాయండి. తెలుగులో కూడా ఇవ్వండి.

ఇట్లు,
ఒక సైటు నిర్వాహకుడు, భీమవరం