అమ్మకు వినిపించే ముందు మీరొక్కరే చదవండి

లెస్టర్, ఇంగ్లండ్,
18 జనవరి 2026

నాన్నగారికి నమస్కారాలు.

ఫోనులో చెబితే సగం మీకు వినపడదు, మిగతా సగం అమ్మ మీ చేతిలోంచి ఫోను లాక్కుని వింటుంది. అందుకే రాస్తున్నాను. తమ్ముడు దీన్ని పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి ఇస్తానన్నాడు. అమ్మకు వినిపించే ముందు మీరొక్కరే చదవండి. ఏ ముక్క దాటేయాలో మీకు తెలుసు.

మేమంతా బాగున్నాం. బాబు దగ్గు తగ్గింది. మిమ్మల్ని ఊరడించడానికి రాస్తున్న మాట కాదు, నిజంగానే తగ్గింది. తెల్లవారుజామున కాస్త దగ్గుతాడు, అంతే. పగలంతా వాడి గొంతు వీధి చివరి దాకా వినిపిస్తూనే ఉంది.

భోగి ఇక్కడ మామూలు పనిరోజు. అయినా సాయంత్రం భోగిపళ్ళు పోశాం. బెల్‌గ్రేవ్ రోడ్డులోని గుజరాతీ కొట్లలో రేగుపళ్ళు దొరికాయి గాని, మన చిట్టి రేగుపళ్ళు కావు. ఒక్కొక్కటీ నిమ్మకాయంత ఉంది. అవి నెత్తిన పోస్తే దిష్టి పోవడం సంగతి దేవుడెరుగు, బొప్పి కట్టడం మాత్రం ఖాయం. చిన్న ముక్కలుగా కోసి పోశాను. చామంతి రేకులు సూపర్‌మార్కెట్లో కొన్న పూలగుత్తిలోవి, చిల్లరకు పెన్నీలు. హారతి పక్కింటి బా ఇచ్చారు, గుజరాతీలో పెద్దావిడను అలాగే పిలుస్తారు. కంపాలా నుంచి వచ్చినావిడ, మీకు గుర్తుండే ఉంటుంది. 1972లో ఇదీ అమీన్ ఆసియా వాళ్ళను తొంభై రోజుల్లో ఉగాండా విడిచి పొమ్మన్నప్పుడు అమ్మానాన్నల చెయ్యి పట్టుకుని వచ్చారట. లెస్టర్‌కు రావద్దని ఈ ఊరి కౌన్సిల్ అక్కడి పత్రికలో ప్రకటన కూడా వేయించిందట. అయినా వచ్చారు. ఇప్పుడు ఆ రోడ్డు పొడవునా వాళ్ళ కొట్లే, నాకు కందిపప్పూ కరివేపాకూ దొరుకుతున్నాయంటే వాళ్ళ చలవే. గోంగూర మాత్రం ఎప్పుడు వెళ్ళినా నిన్ననే అయిపోయింది అంటారు.

పూలరేకులన్నీ కార్పెట్లో ఇరుక్కున్నాయి. వీళ్ళకు ఈ కార్పెట్ పిచ్చి ఏమిటో, మెట్ల మీద కూడా పరుస్తారు. చారు ఒలికినా, పసుపు పడినా ఇల్లు ఖాళీ చేసేనాడు డిపాజిట్లోంచి కోస్తారు. అందుకని పూజ చేసుకోవాలన్నా ముందు పాత దుప్పటి పరచాలి. మీతో వీడియో కాల్‌లో ఉండగా, ఆ దుప్పటి సర్దే సందట్లోనే ఆయన ఫోను అటు తిప్పారు. మనవడి నెత్తిన పళ్ళు పడుతుంటే చూడవలసిన అమ్మ, వాడి వెనక గోడను చూసింది.

సరే, ఆ గోడ సంగతే చెబుతాను. అది మసి కాదు, తేమకు పట్టిన బూజు. ఈ వీధిలోని ఇళ్ళన్నీ వందేళ్ళు దాటినవి, వరసగా ఒకదానికొకటి అతికించి కట్టినవి. తరవాతి కాలంలో గోడను రెండు పొరలుగా, మధ్యలో ఖాళీ వదిలి కట్టడం మొదలుపెట్టారు గాని, వీటివి ఒకే మందపు ఇటుక గోడలు. బయటి చలి నేరుగా లోపలికి దిగుతుంది. వంట ఆవిరి, స్నానాల ఆవిరి, ఆరేసిన బట్టల తడి, మా ముగ్గురి ఊపిరి, అన్నీ వెళ్ళి ఆ చల్లటి గోడకు తగిలి నీళ్ళవుతాయి. ఉత్తరపు మూల బీరువా వెనక గాలి ఆడదు, అక్కడ నల్లగా పడుతుంది. ఇందులో నా శుభ్రత లోపమేమీ లేదు. అమ్మ నోటితో ఆ మాట అనలేదు, కానీ “చీపురు పెట్టావా?” అని అడిగిన తీరులో ఉంది. ప్రతి ఆదివారం మందు నీళ్ళతో తుడుస్తున్నాను. బీరువాను గోడకు దూరంగా జరిపాం. బాబు మంచం మా గదిలోకి మార్చేశాం. ఈ చివరి వాక్యం అమ్మకు తప్పకుండా చదవండి.

ఇల్లు అద్దెకిచ్చిన ఏజెంటుకు ఫొటోలు పంపితే జవాబుగా ఒక కాగితం వచ్చింది. మూత పెట్టి వండాలట, రోజూ కిటికీలు తెరవాలట, బట్టలు ఇంట్లో ఆరేయకూడదట. మరెక్కడ ఆరేయాలి? ఈ నెలలో ఎనిమిది దాటితే గాని సూర్యుడు రాడు, నాలుగున్నర కాకముందే వెళ్ళిపోతాడు, మధ్యలో ఉన్న కాసేపూ మబ్బు వెనకే ఉంటాడు. పెరట్లో తీగ మీద వేసిన తువ్వాలు సాయంత్రానికి మరింత తడిసి వస్తుంది. మా వంటల వల్ల తేమ ఎక్కువవుతోందని కూడా ఆ కాగితంలో ఒక వాక్యం ఉంది. అది చదివిన రోజు పులుసు పెట్టడానికి మనసు రాలేదు. మర్నాడు పెట్టాను, మూత తీసే పెట్టాను.

తాలింపు వేస్తే పొగ అలారం మోగడం మామూలే. బాబు దానికి అలవాటుపడి, అది మోగగానే “అన్నం అయిపోయింది” అంటూ వచ్చి కూర్చుంటున్నాడు.

మీ అల్లుడుగారికీ నాకూ ఈ చలికాలం అంతా ఒకటే తగువు, హీటింగు మీట దగ్గర. ఆయన 18 డిగ్రీల దగ్గర పెడతారు, నేను 20 చేస్తాను. నేను స్నానానికి వెళ్ళి వచ్చేసరికి మళ్ళీ 18 అయి ఉంటుంది. ఇల్లు కాస్త వెచ్చగా ఉంటేనే గోడ ఆరుతుందని నా వాదన. బిల్లు ఎవరు కడతారని ఆయన వాదన, ఇద్దరమూ కడుతున్నామని నా జవాబు. మీరు యూనిట్ ఎంత అని అడుగుతారని తెలుసు. గ్యాసు ఇంచుమించు 6 పెన్నీలు, కరెంటు 27 పైన. అందుకే గదులన్నీ గ్యాసు బాయిలర్‌తోనే వేడి చేస్తారు, కరెంటు హీటరంటే భయపడతారు. ఆ బాయిలర్‌కు కూడా చాదస్తం ఎక్కువ. లోపల నీటి ఒత్తిడి బాగా తగ్గితే అలిగి ఆగిపోతుంది. కింద ఉన్న చిన్న కుళాయి తిప్పి కాసిని నీళ్ళు ఎక్కిస్తే మళ్ళీ వెలుగుతుంది. ఆ పని ఇంట్లో నాదే. మీ కూతుర్ని కదా.

గాలిలో తేమ లాగే యంత్రం ఒకటి బా తన ఇంట్లోంచి తెచ్చిచ్చారు. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దునకు దాని డబ్బా నిండిపోతుంది. ఇన్ని నీళ్ళు గాలిలో పెట్టుకుని పడుకుంటున్నామా అనిపిస్తుంది.

మీకు నచ్చే సంగతి ఒకటి. ఇక్కడ ప్రతి ప్లగ్గు లోపలా ఒక ఫ్యూజు ఉంటుంది, పెద్ద వస్తువులకైతే 13 ఆంపియర్లది. సాకెట్‌కు విడిగా స్విచ్చి. స్నానాల గదిలో టబ్బుకూ షవరుకూ దగ్గరగా మామూలు సాకెట్ పెట్టనివ్వరు, మా ఇంట్లో అయితే లైటు స్విచ్చి కూడా చేతికి అందదు, పైకప్పు నుంచి వేలాడే తాడు లాగాలి. మీరు సబ్ స్టేషన్లో కుర్రాళ్ళను తడిచేత్తో స్విచ్చి ముట్టుకున్నందుకు ఎలా కేకలేసేవారో ఆ తాడు లాగినప్పుడల్లా గుర్తొస్తుంది. మన గుండ్రటి పిన్నుల ప్లగ్గు కూడా వీళ్ళు మనకు వదిలి వెళ్ళిన పాత రకమేనట. ఈ పలకల పిన్నుల ప్లగ్గుకు ప్రమాణం రాసుకున్నది 1947లో. మనల్ని వదిలిన ఏడాదే ప్లగ్గు కూడా మార్చుకున్నారన్నమాట.

డాక్టరుకు ఎంత అయింది అని అమ్మ అడుగుతోందట. ఏమీ కాలేదు. వీసా తీసుకున్నప్పుడే పెద్దవాళ్ళకు ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776 పౌండ్ల లెక్కన వైద్యం కింద ముందే కట్టించుకున్నారు. అపాయింట్‌మెంట్ దొరకడమే గగనం. పొద్దున్న ఎనిమిదింటికి సరిగ్గా ఫోను చేయాలి, అదే నిమిషంలో ఊరంతా చేస్తుంది. దొరికింది, వెళ్ళాం. ఛాతీ విని శుభ్రంగా ఉందన్నారు. మందు రాయలేదు, తేనె పట్టమన్నారు. “ఇంత దేశం వెళ్ళి తేనె పట్టించుకుని వచ్చారా” అని అమ్మ అనడం నాకు ఇక్కడికే వినిపిస్తోంది. గది గోడ సంగతి కూడా చెప్పాను, ఆ గదిలో పడుకోబెట్టవద్దన్నారు. మేము అప్పటికే మార్చేశాం.

ఇక మీరు అడిగింది. ఇంటాయనతో గట్టిగా మాట్లాడలేరా, లేకపోతే ఇల్లు మారలేరా అని. మారలేం నాన్నగారూ, ఇప్పుడు కాదు. సెప్టెంబరులో బాబు బడికి వెళ్ళాలి. దరఖాస్తుకు ఆఖరి రోజు జనవరి 15, సరిగ్గా సంక్రాంతి నాడు. పులిహోర కలుపుతూ మూడు బడుల పేర్లు నింపాం. మొదట రాసిన బడి మా వీధి చివరే ఉంది. ఎక్కువమంది అడిగితే ఇల్లు ఎంత దగ్గర అన్నదాన్ని బట్టే సీటు ఇస్తారు. ఫలితం ఏప్రిల్ 16న వస్తుంది. అప్పటిదాకా ఈ అడ్రసు మాకు బంగారం, గోడ ఎలా ఉన్నా సరే.

గట్టిగా మాట్లాడడం కూడా అందుకే వాయిదా వేశాం. ఇక్కడ ఇప్పటిదాకా ఇంటాయన కారణం చెప్పకుండా రెండు నెలల నోటీసు ఇచ్చి ఖాళీ చేయించవచ్చు. మే 1 నుంచి అది కుదరదు, కిందటి అక్టోబరులో చట్టం చేశారు. ఇల్లు అమ్ముకుంటున్నానని చెప్పి అడగవచ్చు గాని, దానికి నాలుగు నెలల గడువు ఇవ్వాలి. కౌన్సిల్ వాళ్ళను పిలిచి గోడ చూపించే హక్కు ఇప్పుడూ ఉంది. కానీ చేతిలో సీటు లేకుండా, పైన నోటీసు భయం పెట్టుకుని పిలవడానికి నాకు ధైర్యం చాలలేదు. దీన్ని పిరికితనం అనకండి. తుఫాను రోజుల్లో లైను మీదకు ఎప్పుడు ఎక్కాలో మీరు లెక్క వేసుకునేవారు కదా, ఇదీ అంతే. ఉత్తరాలన్నీ తేదీలతో సహా దాచి పెట్టాను, ఫొటోలు కూడా.

బాబును ఒక ఏడాది తెనాలిలో వదలమని తమ్ముడి చేత చెప్పించారు. ఆ మాట మీది కాదని నాకు తెలుసు, అమ్మది. అమ్మ మీద కోపం లేదు. కానీ వదలను. గుంటూరు పిన్ని కూతురు అలా వదిలి వెళితే, తిరిగి వచ్చేసరికి పిల్లవాడు ఇంట్లో అందరితో పాటు తల్లిని “అక్కా” అని పిలిచాడు. అందరూ నవ్వారు. అది నవ్వలేదు, నేను దాని పక్కనే కూర్చుని ఉన్నాను. మాకు ఇక్కడ ఏ కష్టం ఉన్నా వాడు మా మధ్యే పడుకుంటాడు. మా ఇద్దరి ఉద్యోగాలూ మీరు అనుకుంటున్నంత వాడికి అడ్డు రావు. పొద్దున ఆయన నర్సరీలో దింపుతారు, సాయంత్రం నేను తెస్తాను. ఇందులో ఎవరికీ అన్యాయం జరగడం లేదు.

కాస్త గట్టిగా రాసినట్టున్నాను. ఈ పేరా కూడా మీరే చదువుకోండి.

ఉద్యోగం ఎప్పటిలాగే ఉంది. టీవీలో చూపిస్తున్న వీసా మార్పులు ఇంకా తేలలేదు, స్థిరనివాసానికి ఐదేళ్ళ బదులు పదేళ్ళు చేస్తామని అంటున్నారు, అభిప్రాయాలు సేకరిస్తున్నారు. తేలాక రాస్తాను. దాని గురించి ఇప్పటి నుంచే నిద్ర మానుకోవద్దు.

అమ్మ మోకాలు ఎలా ఉంది? మెట్లెక్కి మేడ మీద వడియాలు పెట్టడం మానిందా? మానదని తెలుసు, అడగడం నా వంతు. పెరట్లో ఒరిగిన కొబ్బరిచెట్టును కొట్టించారా? తమ్ముడి సంబంధం విషయంలో అత్తయ్యగారు చెప్పిన ఏలూరు వాళ్ళ అమ్మాయి ఇక్కడే కోవెంట్రీలో చదువుకుంటోందట. నన్ను వెళ్ళి చూడమన్నారు. వాడికి ఇష్టమో లేదో ముందు వాణ్ణే అడిగి చెప్పండి, తరవాత వెళతాను.

మీరిద్దరూ మే నెలాఖరుకు రండి. సందర్శకుల వీసా ఆరు నెలలకు ఇస్తారు, మీరు ఆగస్టు దాకా ఉంటే చాలు. జూన్లో ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. కిటికీలన్నీ తెరిచి పెడతాం, గోడ దానంతట అదే ఆరుతుంది, ఆరిన గోడనే అమ్మ చూస్తుంది. బర్మింగ్‌హామ్ దగ్గర టివిడేల్‌లో వెంకటేశ్వరస్వామి గుడి ఉంది, తీసుకెళతాం. బాబు వాడి సైకిలు తాతయ్యకే చూపిస్తానని పక్కింటి పిల్లలను కూడా ముట్టుకోనివ్వడం లేదు. మీ పాస్‌పోర్టు గడువు ఎప్పటి దాకా ఉందో బీరువా పై అరలో చూసి చెప్పండి, రెన్యువలు చేయించాలంటే ఇప్పుడే మొదలుపెట్టాలి.

అమ్మకు, తమ్ముడికి, నాన్నమ్మకు నా నమస్కారాలు, ముద్దులు ఎవరివి వారికి పంచండి.

ఉంటాను.
మీ అమ్మాయి

తా.క.: వచ్చేటప్పుడు కందిపొడి, వడియాలు తెచ్చుకోవచ్చు. పాలతో చేసినవేవీ, మాంసం కలిసినవేవీ తేకూడదు, నెయ్యి కూడా. అమ్మ సీసాను చీరల మడతల్లో పెట్టాలని చూస్తుంది. పెట్టె మీరే సర్దండి.