బయటి గ్రాఫిక్స్ కార్డు పెట్టించుకునే వారికి: మా దగ్గర మారిన పద్ధతి

నమస్తే అండీ. ఇకమీదట ల్యాప్‌టాప్ మా బల్ల మీదికి రాకుండా ఎక్స్‌టర్నల్ గ్రాఫిక్స్ డాక్ ఎవరికీ అమ్మం. మోడల్ నంబరు చెప్పి "పంపించెయ్యండి, నేనే బిగించుకుంటా" అనే పాత కస్టమర్లకూ ఇదే మాట. కొందరికి చిరాకు వస్తుందని తెలుసు, అందుకే కారణాలు దాచకుండా రాస్తున్నాను.

డాక్ అంటే, డెస్క్‌టాప్‌లో పెట్టే పెద్ద గ్రాఫిక్స్ కార్డుని విడిగా ఒక పెట్టెలో బిగించి, దానికి వేరే కరెంటిచ్చి, ఒక్క కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలపడం. చెప్పుకోవడానికి ఇంతే. వీడియోల్లో చూస్తే కేబుల్ గుచ్చగానే గేమ్ పరుగులు పెడుతుంది. అలా పరుగులు పెట్టించే ల్యాప్‌టాప్‌లు నిజంగానే ఉన్నాయి. మీ చేతిలో ఉన్నది వాటిలో ఒకటా కాదా అన్న దగ్గరే పేచీ అంతా.

వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మొదట అనే మాట "టైప్-సి పోర్టు ఉందండీ". టైప్-సి అనేది ఆ కన్నం ఆకారం మాత్రమే. దాని వెనక ఏముందో ఆకారం చెప్పదు. మామూలు యూఎస్‌బీ 3.2 ఉంటే ఫోన్ ఛార్జింగుకీ, పెన్‌డ్రైవ్‌కీ, కొన్నిట్లో మానిటర్‌కీ పనికొస్తుంది, గ్రాఫిక్స్ కార్డుకి పనికిరాదు. కార్డుకి కావలసింది పీసీఐఈ దారి, అంటే కంప్యూటర్ గ్రాఫిక్స్ కార్డుతో నేరుగా మాట్లాడే లైను. ఆ దారి టైప్-సి ఆకారంలోనే వచ్చే థండర్‌బోల్ట్ 3, 4, 5 అనే వేగమైన పోర్టుల్లో ఉంటుంది. యూఎస్‌బీ4లో ఉండొచ్చు, లేకపోవచ్చు; ప్రమాణం ప్రకారం అది తయారీదారు ఇష్టం. పోర్టు పక్కన మెరుపు గుర్తు ఉంటే చాలనుకోకండి. కింది కొసన బాణంముల్లులా ఉన్న మెరుపు థండర్‌బోల్ట్‌ది. బ్యాటరీ బొమ్మలో ఉన్న మెరుపు ఛార్జింగ్‌ది. ఈ రెండోదాన్ని చూసి కార్డు కొనేసి, పెట్టెతో సహా మా దగ్గరికి వచ్చినవాళ్ళున్నారు.

అలాగే వచ్చిన ఒక వీడియో ఎడిటర్ సంగతి చెబుతాను. కార్డు మంచిదే, సీలు కూడా తియ్యలేదు. పోర్టు చూస్తే వట్టి యూఎస్‌బీ. అయినా ఆయన ముఖం చూసి కింది మూత విప్పి చూశాం, రెండో ఎం.2 స్లాటు (ఎస్ఎస్‌డీ బిగించే చోటు) ఉంటే దాంట్లోంచి దారి తీద్దామని. ఉన్నది ఒక్కటే స్లాటు, అందులో విండోస్ ఉన్న ఎస్ఎస్‌డీ. విండోస్‌ని సాటా (పాత తరహా కనెక్టరు) డ్రైవ్ మీదికి మార్చి ఆ స్లాటు ఖాళీ చేద్దామన్నా, అది పెట్టుకునే చోటు కూడా లేదు. కార్డు కొన్నచోట తిరిగి ఇచ్చెయ్యమని చెప్పి మూత బిగించి పంపాం. ఆ రోజు మాకేమీ మిగల్లేదు కానీ, ఆయనకి డాక్ అంటగట్టి ఉంటే మర్నాడు తిరిగొచ్చేది.

పోర్టు కుదిరింది అనుకుందాం. తర్వాత వేగం. డెస్క్‌టాప్‌లో పీసీఐఈ 4.0 స్లాటులో కార్డుకి 16 లేన్లు (డేటా నడిచే వరసలు) దొరుకుతాయి, అంటే సెకనుకి దాదాపు 31 జీబీ. థండర్‌బోల్ట్ 3, 4లలో కేబుల్ వేగం 40 గిగాబిట్లని డబ్బా మీద రాసి ఉన్నా, పీసీఐఈ వాటాగా వచ్చేది మహా అయితే 32 గిగాబిట్లు, అంటే 4 జీబీ. మా బల్ల మీద కొలిస్తే సెకనుకి 3 జీబీ లోపే కనిపిస్తుంటుంది. అంటే డెస్క్‌టాప్ దారిలో పదో వంతు. థండర్‌బోల్ట్ 3 తొలినాళ్ళ ల్యాప్‌టాప్‌లు కొన్నిట్లో నాలుగింటికి బదులు రెండు లేన్లే ఇచ్చారు, అప్పుడు అందులోనూ సగం. థండర్‌బోల్ట్ 4 వచ్చాకే 32 తప్పనిసరి చేశారు.

పదో వంతు అనగానే బెంబేలు పడక్కర్లేదు, ఎందుకంటే పనిని బట్టి నష్టం మారిపోతుంది. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో రెండర్ పెడితే సీన్ మొత్తం ఒకసారి కార్డు మెమరీలోకి వెళ్ళిపోతుంది, తర్వాత కేబుల్‌కి పెద్ద పనుండదు. సొంత మెషీన్ మీద ఏఐ మోడల్ నడుపుకునేవాళ్ళకీ అంతే: మోడల్ లోడయ్యేటప్పుడు కొన్ని సెకన్లు ఎక్కువ పడతాయి, ఎక్కాక తేడా పెద్దగా తెలియదు. మోడల్ పూర్తిగా కార్డు మెమరీలో పట్టాలి, అదొక్కటే షరతు. డాక్ తీసుకున్నవాళ్ళలో నిక్షేపంగా ఉన్నది వీళ్ళే.

గేములాడేవాళ్ళ దగ్గరే తకరారు. 4కే రిజల్యూషన్‌లో కార్డు తన పనిలోనే తలమునకలై ఉంటుంది కాబట్టి కేబుల్ లోటు అంతగా కనబడదు. 1080పీలో సెకనుకి 144 ఫ్రేములు కావాలంటేనే కేబుల్ మెడ పట్టుకుంటుంది. పైగా చాలామంది ల్యాప్‌టాప్ సొంత స్క్రీన్ మీదే ఆడదామనుకుంటారు. అప్పుడు కార్డు గీసిన ప్రతి బొమ్మా అదే కేబుల్‌లో వెనక్కి రావాలి. ఒక 1080పీ ఫ్రేము దాదాపు 8.3 ఎంబీ. సెకనుకి 144 అయితే 1.2 జీబీ. ఉన్నదే 3 జీబీ లోపు దారి, అందులో ఈ రాకపోకలు. మానిటర్‌ని నేరుగా కార్డు వెనకున్న పోర్టుకి పెట్టండి, ఆ బరువు పోతుంది. విడిగా మానిటర్ లేదు, కొనే ఉద్దేశమూ లేదంటే గేముల కోసం డాక్ వద్దనే చెబుతాం.

ఏ కార్డు అని అడుగుతారు. ఈ దారికి అన్నిటికన్నా ఖరీదైన కార్డు దండగ. 450 వాట్లు తాగే ఆర్‌టీఎక్స్ 4090ని థండర్‌బోల్ట్ 3కి తగిలించడం నాకు మనసొప్పదు. మధ్యస్థం కార్డు, మెమరీ మాత్రం ఎక్కువున్నది చూడండి. 12 జీబీ ఉన్న ఆర్‌టీఎక్స్ 3060 ఇప్పటికీ మేం ధైర్యంగా చెప్పేది. మెమరీ చాలకపోతే మిగతా సరుకు ల్యాప్‌టాప్ ర్యామ్‌లోకి పోతుంది, ఆ తెచ్చుకోవడాలన్నీ మళ్ళీ ఆ కేబుల్ మీదే, అప్పుడు గేము కుంటుతుంది. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ మాత్రం వద్దు. అది పుట్టుకతోనే నాలుగు లేన్ల కార్డు, పైగా చాలావాటిలో మెమరీ 4 జీబీయే. పాత పీసీఐఈ 3.0 దారిలో డెస్క్‌టాప్‌లోనే తడబడుతుంది.

ఆక్యులింక్ అనే ఇంకో రకం కేబుల్ కనెక్షన్ గురించి ఈమధ్య తెగ అడుగుతున్నారు. అది బాగుంటుంది, నిజం. పీసీఐఈ 4.0 నాలుగు లేన్లు నేరుగా, 64 గిగాబిట్లు, మధ్యలో మార్పిడి ఏమీ లేదు. కానీ ఆ కేబుల్ ల్యాప్‌టాప్‌కి ఛార్జింగ్ ఇవ్వదు. నడుస్తుండగా పీకితే మెషీన్ బిగుసుకుపోవడం ఖాయమనుకోండి. ముందు డాక్ ఆన్ చేసి, తర్వాత ల్యాప్‌టాప్ ఆన్ చెయ్యాలి. ఆక్యులింక్ పోర్టు పుట్టుకతో ఉన్న మెషీన్లకి సంతోషంగా పెడతాం. లేనివాటికి ఎం.2 స్లాటులోంచి రిబ్బన్ కేబుల్ తీసి, అది బయటికి రావడానికి కింది మూతకి గాటు పెట్టమంటున్నారు. ఆ పని మానేస్తున్నాం. రిబ్బన్ మడత పడినచోట సిగ్నల్ పాడై, ఒక రోజు పనిచేసి ఒక రోజు మానేస్తుంది. అప్పుడు తప్పు కార్డుదా, డాక్‌దా, గాటుదా అని తేల్చేసరికి తలప్రాణం తోకకొస్తోంది.

పవర్ సప్లై దగ్గర మాత్రం బేరం లేదు. స్లాటు నుంచి కార్డుకి 75 వాట్లు, ఒక 8 పిన్ కేబుల్ నుంచి 150. ఓపెన్ డాక్ (పెట్టె లేకుండా వచ్చేది) కొని, పాత సిస్టమ్‌లోంచి ఊడదీసిన పేరూ ఊరూ లేని సప్లై తెచ్చి, రెండు సాటా కనెక్టర్లు కలిపి 8 పిన్‌గా మార్చే అడాప్టర్ తగిలించమంటారు. సాటా కనెక్టరు 12 వోల్టుల మీద ఇవ్వగలిగింది 54 వాట్లే, రెండూ కలిపినా 108. కార్డు 150 లాగితే కనెక్టర్లు తట్టుకోలేక వేడెక్కి ప్లాస్టిక్ కరిగిపోవచ్చు. ఆ అడాప్టర్‌తో మేం ఏదీ ఆన్ చెయ్యం, మీరు రాసిచ్చినా సరే.

కేబుల్ కూడా పెట్టెలో వచ్చినదే వాడండి. థండర్‌బోల్ట్ 3 మామూలు కేబుల్ అర మీటరు దాటితే వేగం 20 గిగాబిట్లకి పడిపోతుంది. డాక్ బల్ల కింద దూరంగా పెట్టుకోవాలంటే యాక్టివ్ కేబుల్ (సిగ్నల్‌ని బలపరిచే చిప్పు ఉన్నది) కొనాలి, దాని ఖరీదు విని చాలామంది డాక్‌నే పైకి తెచ్చుకుంటున్నారు.

అన్నీ కుదిరాక కూడా డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం, కోడ్ 12 కనిపించవచ్చు. కార్డు దొరికింది కానీ దానికి కేటాయించడానికి అడ్రస్ స్థలం లేదని విండోస్ మొర. ల్యాప్‌టాప్‌లో ముందే ఒక గ్రాఫిక్స్ చిప్పు ఉంటే ఇది ఎక్కువ. ఆ లోపలి చిప్పుని డిజేబుల్ చేస్తే కొన్నిట్లో దారికొస్తుంది, కొన్నిట్లో బయోస్ (మెషీన్ ఆన్ కాగానే ముందు నడిచే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌తో పోతుంది, కొన్నిట్లో ఏం చేసినా పోదు. ఏది ఏ కోవకి చెందుతుందో మోడల్ నంబరు విని చెప్పడం ఎవరి వల్లా కాదు. ల్యాప్‌టాప్ తెమ్మని పట్టుబట్టడానికి పెద్ద కారణం ఇదే.

మ్యాక్ వాళ్ళకి: ఎం1 నుంచి వచ్చిన ఆపిల్ చిప్పు మెషీన్లలో ఆపిల్ ఈ సదుపాయం ఇవ్వలేదు. పాత ఇంటెల్ మ్యాక్‌లలో థండర్‌బోల్ట్ 3 ఉండి, మ్యాక్‌ఓఎస్ హై సియెర్రా 10.13.4 లేదా ఆ తర్వాతిది అయితే, ఆపిల్ ఒప్పుకున్న ఏఎమ్‌డీ కార్డులు నడుస్తాయి.

థండర్‌బోల్ట్ 5 కోసం ఆగాలా? 2023లో ప్రకటించారు, పీసీఐఈ వాటా 64 గిగాబిట్లకి పెరిగింది. ఎలాగూ కొత్త ల్యాప్‌టాప్ కొంటున్నవాళ్ళు అది ఉన్నది చూసుకోండి. దానికోసమే నిక్షేపంలాంటి మెషీన్ మార్చకండి.

వ్యాపారం సంగతి కూడా చెప్పేస్తాను. డాక్ మీద మాకు మిగిలేది డెస్క్‌టాప్ అసెంబ్లీ మీద మిగిలేదానికన్నా ఎక్కువే. అయినా బల్ల మీదినుంచి కదలని ల్యాప్‌టాప్‌కి డాక్, సప్లై, కార్డు, మానిటర్ అన్నీ కొనేకంటే అదే కార్డుతో మామూలు డెస్క్‌టాప్ కట్టించుకోండి. కార్డు పూర్తి శక్తితో నడుస్తుంది. పగలు ల్యాప్‌టాప్ మోసుకెళ్ళి, సాయంత్రం వచ్చి కేబుల్ గుచ్చుకునేవాళ్ళకే డాక్ గిట్టుబాటు.

ఇక పరీక్ష. ముందుగా చెప్పి రండి. మా కార్డు, మా డాక్ మీ ల్యాప్‌టాప్‌కి తగిలించి, మీరు వాడే సాఫ్ట్‌వేరో ఆడే గేమో మీ కళ్ళెదుటే నడుపుతాం, సొంత స్క్రీన్ మీద ఒకసారి, బయటి మానిటర్ మీద ఒకసారి. పరీక్షకి చిన్న రుసుము ఉంటుంది, కొంటే బిల్లులో తగ్గిస్తాం. కుదరదని తేలితే రుసుము మాత్రమే, వేరే ఏదీ కొనమని అడగం. కార్డు ఎక్కడ కొన్నా ఫరవాలేదు. ఇదివరకే మా దగ్గర డాక్ తీసుకున్నవాళ్ళకి ఫర్మ్‌వేర్ (డాక్ లోపలి సాఫ్ట్‌వేర్) చూపించుకోవడం ఉచితం.

వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్‌తో పాటు దాని అసలు ఛార్జరు తెండి. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే రికవరీ కీ రాసుకుని రండి. బయోస్‌లో ఒక్క సెట్టింగ్ మార్చినా విండోస్ ఆ కీ అడగొచ్చు, అది లేకపోతే మేం చెయ్యగలిగేది ఏమీ ఉండదు.