'మెరుగైన మందు' మా ఉద్దానం కిడ్నీలకూ మెరుగేనా?

సంపాదకుడు గారికి,

నేను కాశీబుగ్గలో మందుల షాపు నడుపుతున్నాను. డాక్టరు కొత్త మాత్ర రాస్తే, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మా ఉద్దానం జనం ముందు అడిగేది ధర కాదు. చీటీ ఇటు తోసి, "ఇది కిడ్నీలకి పడతాదా బాబూ?" అంటారు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఏ ఊరి నుంచి వచ్చినా ఇదే మాట. విదేశాల్లో అనుమతి పొందిన 'మెరుగైన మందు' అయితే, ఇక్కడి మనుషుల మీద ముందుగా పరీక్షలు (ట్రయల్స్) చేయకుండానే అమ్మనివ్వొచ్చని కేంద్రం అంటోంది. అందుకే మందుల కంపెనీలనూ, ఢిల్లీలో అనుమతులిచ్చే అధికారులనూ కూడా ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడగాలని ఈ ఉత్తరం.

పాత మందుకే మెరుగులు దిద్ది ప్రోడ్రగ్ రూపంలో తేవడమే పనిగా పెట్టుకున్న స్పెషాలిటీ ఫార్మా కంపెనీలు అమెరికాలో ఉన్నాయి. ప్రోడ్రగ్ అంటే మింగినప్పుడు పెద్దగా పనిచేయదు, ఒంట్లో ఎంజైములు విడగొట్టాకే అసలు మందు బయటపడుతుంది. జీడిపిక్క లాగా, పెంకు పగిలితేనే పప్పు. ఇందులో వింతేమీ లేదు. బీపీకి వాడే ఎనలాప్రిల్, స్టెంటు వేశాక ఇచ్చే క్లోపిడోగ్రెల్ ఈ కోవలోవే.

ఈ పద్ధతితో నిజంగా ఎంత మేలు జరగొచ్చో చెప్పడానికి టెనోఫోవిర్ ఒక్కటి చాలు. హెపటైటిస్-బి, హెచ్ఐవీ రోగులు ఏళ్ల తరబడి వాడే మందు ఇది. 2001లో అమెరికాలో అనుమతి పొందిన రూపం, టెనోఫోవిర్ డైసోప్రోక్సిల్, చాలావరకు రక్తంలోనే విడిపోతుంది. అక్కడి నుంచి అసలు మందు కిడ్నీల గుండా పోతుంది, కొందరికి అక్కడే దెబ్బ తగులుతుంది. 2015లో వచ్చిన అలాఫెనమైడ్ రూపం అలా కాదు. రక్తంలో నిలకడగా ఉండి, కణం లోపలికి వెళ్లాక విడిపోతుంది. అందుకే 300 మిల్లీగ్రాముల పని 25తో సరిపోతోంది, రక్తంలో తిరిగే టెనోఫోవిర్ సుమారు 90 శాతం తగ్గుతోంది. కొందరికి బరువు, కొలెస్ట్రాల్ పెరుగుతాయన్న ఇబ్బంది దీనికీ ఉంది. అయినా కిడ్నీ జబ్బుకి కారణమేమిటో ఇప్పటికీ తేలని మాలాంటి చోట ఆ తేడా చిన్నది కాదు.

ఇంకో కథ కూడా ఉంది. కెమ్‌ఫార్మ్ అనే కంపెనీ హైడ్రోకోడోన్ అనే నొప్పి మందుకి ప్రోడ్రగ్ తయారుచేసి, దాన్ని పారాసిటమాల్‌తో కలిపి అపాడాజ్ పేరుతో తెచ్చింది. 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మందుకైతే అనుమతిచ్చింది గానీ, మత్తు కోసం వాడటాన్ని అడ్డుకుంటుందన్న మాట లేబుల్ మీద వేసుకోవడానికి ఒప్పుకోలేదు. రసాయనం కొత్తదే, మరి రోగికి ఒరిగిన అదనపు లాభమేమిటి?

మన పేటెంటు చట్టంలో 3(డి) సెక్షన్ ఉన్నది సరిగ్గా ఈ ప్రశ్న అడగడానికే. తెలిసిన మందుకి లవణమో, ఎస్టరో, మరో ఉత్పన్నమో చేసి పేటెంటు కావాలంటే గుణం గణనీయంగా పెరిగిందని చూపించాలి. 2013లో గ్లివెక్ అనే క్యాన్సర్ మందు కేసులో సుప్రీంకోర్టు ఆ గుణం అంటే రోగం మీద పనిచేసే గుణమేనని తేల్చింది. విషప్రభావం తగ్గడాన్ని కూడా అందులో లెక్కించాలా అన్నది మాత్రం తేల్చకుండా వదిలేసింది. మాకు కావలసిందేమో అదే.

అసలు సంగతికొస్తాను. 2024 ఆగస్టులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఒక ఉత్తర్వు ఇచ్చింది. అమెరికా, బ్రిటన్, జపాన్ వంటి చోట్ల అనుమతి పొంది, ఇప్పుడున్న చికిత్స కంటే గణనీయంగా మెరుగైన మందులకి ఇక్కడ ముందస్తు ట్రయల్స్ నుంచి మినహాయింపు ఇవ్వొచ్చు. మందు త్వరగా వస్తుంది, మంచిదే. కానీ కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లని విదేశీ ట్రయల్స్‌లో చాలావాటికి తీసుకోరు. అలాంటప్పుడు ఆ 'మెరుగు' మా వాళ్ల విషయంలో ఎవరు చూసినట్టు? మినహాయింపు పొందే కంపెనీ అమ్మకాలు మొదలయ్యాక నాలుగో దశ పరీక్షలు చేస్తానని రాసివ్వాలి. కిడ్నీల మీద ప్రభావం చూపే మందైతే ఆ పరీక్షా కేంద్రాల్లో పలాసని తప్పనిసరిగా చేర్చాలని నా విన్నపం. 2023 డిసెంబరులో ప్రారంభించిన కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ఇక్కడ ఉండనే ఉన్నాయి.

పరీక్షలంటే జనానికి టెన్షన్ ఉంటుంది. ఊరికే కాదు. ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం జిల్లా గిరిజన బాలికలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టిన సంగతి మరిచిపోలేం. కాబట్టి అంగీకారపత్రం తెలుగులో ఉండాలి, రోగికి చదివి వినిపించాలి, సంతకం రోగే పెట్టాలి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్షల ఖర్చు కంపెనీదే కావాలి. పరీక్షలో పాల్గొన్నవాళ్లకి అది అయిపోయాక కూడా అదే మందు ప్రభుత్వాసుపత్రిలో దొరకాలి. లేకపోతే నెల తిరక్కుండానే పాత మాత్ర కోసం మళ్లీ నా షాపుకే వస్తారు.

ఇట్లు,
ఒక మందుల షాపు నిర్వాహకుడు,
కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా