లొకేషన్ కాదండీ, సమాధులు

ఎడిటర్ గారికి నమస్కారం,

రెండు ఆదివారాల కిందట మీ అనుబంధంలో నాగాలాండ్‌లోని జూకో వ్యాలీ ట్రెక్ గురించి వేశారు కదా, ఆ రోజే రాద్దామనుకున్నా, కోపంలో రాస్తే బాగోదని ఆగాను, పదిహేను రోజులైనా ఆ కోపం తగ్గలేదు. ట్రెక్ గురించి రాసిందంతా బాగానే ఉంది. విశ్వేమా నుంచి ఎక్కడం, జూన్ జులైలో లిల్లీలు పూయడం, ఆ రాష్ట్రంలోకి వెళ్లడానికి కావాల్సిన ఇన్నర్ లైన్ పర్మిట్ ముందే తీసుకోమనడం అన్నీ కరెక్టే. చివర్లో కోహిమాలో ఒక పూట ఖాళీ దొరికితే వార్ సెమెట్రీకి వెళ్లండి, మెట్లుమెట్లుగా పూలతోట, ఫొటోలకి అదిరిపోయే లొకేషన్ అని రెండు లైన్లు రాసి వదిలేశారు. అక్కడ ఎవరున్నారు, ఎందుకున్నారు, ఒక్క ముక్క లేదు. అదేమన్నా పార్కా అండీ? రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన 1,420 మంది సైనికుల్ని కప్పెట్టిన చోటు అది.

నేను పోయినేడాది జూన్‌లో వెళ్లాను, కాకినాడ నుంచి ఎనిమిది మందిమి. వాన పడి కొండ ఎక్కడం ఒక రోజు వెనక్కి పోతే, ఊరికే రూమ్‌లో కూర్చోలేక సెమెట్రీకి వెళ్లాం. నిజం చెప్తున్నా, అప్పటిదాకా నాకూ ఏమీ తెలీదు. కింద బ్రిటిష్ సైన్యం సెకండ్ డివిజన్ వాళ్ల పెద్ద రాయి ఉంటుంది. మీరు ఇంటికి వెళ్లాక మా గురించి చెప్పండి, మీ రేపటి కోసం మా ఇవాళని ఇచ్చేశామని చెప్పండి అని దాని మీద ఇంగ్లీషులో ఉంది. అది చదివాక నాకు కాళ్లు కదల్లేదు. ఆ చనిపోయినవాళ్లు వచ్చినవాళ్లని అడిగింది అదొక్కటే, ఇంటికెళ్లి చెప్పమని. మీ వ్యాసం రాసినాయన వెళ్లొచ్చి లక్షల మందికి చెప్పే అవకాశం ఉండి కూడా లిల్లీల గురించి చెప్పారు, మోమోల గురించి చెప్పారు, వీళ్ల గురించి మాత్రం చెప్పలేదు.

ఇంకా పైకెళ్తే తెలుగు మాటలు వినిపించాయి. మనవాళ్లేనని సంతోషంగా అటు వెళ్లా. ఒక కుర్రాడు సమాధి రాయి మీద కూర్చున్నాడు, ఇంకొకడు పక్క రాయికి ఫోన్ ఆనించి రీల్ తీస్తున్నాడు. అక్కడి రాళ్లు చిన్నవి, మీద కంచు పలక ఉంటుంది, పేరు, రెజిమెంట్, వయసు. ఫోన్ ఆనించిన రాయి మీద పేరు కూడా లేదు, 1939–1945 యుద్ధంలో ఒక సైనికుడు, ఎవరో దేవుడికే తెలుసు అని మాత్రం ఉంది. తోటమాలి వచ్చి మెల్లగా లేవమన్నాడు, లేచారు, ఆయన అటు తిరగ్గానే మళ్లీ కూర్చున్నారు. నేను కొంచెం గట్టిగానే అన్నాను. అందులో ఒకమ్మాయి "అంకుల్, వీళ్లంతా బ్రిటిష్ వాళ్లే కదా, మనకేంటి" అంది. ఆ పిల్లది తప్పనను. మనం చెప్తే కదా తెలిసేది.

ఆ నలుగుర్నీ పై మెట్టు దాకా తీసుకెళ్లా. అక్కడ దహనం చేసిన హిందూ, సిక్కు సైనికుల పేర్లున్నాయి, 917. ముస్లిం సైనికుల సమాధులు కూడా ఆ తోటలోనే ఉన్నాయి. 1944 ఏప్రిల్‌లో జపాన్ 31వ డివిజన్ ఆ కొండని చుట్టేస్తే, డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టుకి ఒక పక్క బ్రిటిష్, ఇండియన్ సైనికులు, ఇంకో పక్క జపాన్ వాళ్లు, మధ్యలో గ్రెనేడ్లు విసురుకున్నారు. ఆ కోర్టు గీతలు ఇప్పటికీ తెల్లగా గుర్తుపెట్టి ఉంచారు. రాజ్‌పుత్, పంజాబ్, అస్సాం రెజిమెంట్లు, అస్సాం రైఫిల్స్ వాళ్లు అక్కడ పోరాడారు, జపాన్ వాళ్లు మూసేసిన ఇంఫాల్ రోడ్డు మళ్లీ తెరుచుకునేసరికి జూన్ 22 అయింది. అటుపక్క జపాన్ వాళ్లతో నేతాజీ సైన్యం కూడా ఉంది, ఆ సంగతీ పిల్లలకి చెప్పాను, రెండు పక్కలా పోయింది మన తల్లుల కొడుకులే. ఇంక మనకేంటి అన్నదానికి, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వైజాగ్ మీదా మా కాకినాడ మీదా బాంబులేశాయి. మా అమ్మమ్మ వాళ్లు బండి కట్టుకుని పల్లెకి పారిపోయిన కథ చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో. సరిగ్గా రెండేళ్లకి, అదే ఏప్రిల్ 6న, ఇంఫాల్ దగ్గర అదే జపాన్ వాళ్లతో పోరాడుతూ మన సైన్యంలో జమాదార్ అనే హోదాలో ఉన్న అబ్దుల్ హఫీజ్ చనిపోయాడు, బ్రిటిష్ వాళ్ల అతిపెద్ద శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ఇచ్చారు, ఆయన సమాధి ఇంఫాల్‌లో ఉంది. మనకి సంబంధం లేదని ఎలా అంటాం?

ఆ కుర్రాళ్లు రీల్ డిలీట్ చేశారు. ఒకడు చెప్పులు విప్పి చాలాసేపు పేర్లు చదువుతూ నిలబడ్డాడు.

ఇదంతా ఎక్కడో నాగాలాండ్ సంగతి అనుకోకండి. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో పాత చావడి గోడకి ఒక రాయి ఉంది, ఈ ఊరి నుంచి 1914–1919 యుద్ధానికి ఇంతమంది వెళ్లారు, ఇంతమంది ప్రాణాలిచ్చారు అని. పేర్లు కూడా లేవు, అంకెలే. ఆ అంకెల మీద ఎప్పుడూ ఏదో ఒక ఫ్లెక్సీ, పుట్టినరోజుదో, పార్టీదో. రోడ్డు వెడల్పు చేస్తారట, గోడ కొట్టేస్తారట. సోమవారం గ్రీవెన్స్‌కి మూడుసార్లు వెళ్లాను. పంచాయతీ అంటే పురావస్తు శాఖ అన్నారు, వాళ్లు సైనిక సంక్షేమం అన్నారు, వాళ్లు మళ్లీ పంచాయతీకే పంపారు. రాయి తీసి పక్కన పెట్టడానికి నలుగురు మనుషులు చాలు, దానికి ఏ శాఖో తేలక ఏడాది గడిచింది. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం వాళ్లని చూడండి, సైన్యంలోకి ఎంతోమందిని పంపిన ఊరని మిలటరీ మాధవరం అనిపించుకోవడం వాళ్లకి ఎంత గర్వమో. మిగతా ఊళ్లవాళ్లకి ఏమొచ్చింది? ఆగస్టు 15న మైకులో పాటలు పెడితే సరిపోతుందా?

మీరు చేయాల్సింది పెద్ద పనేం కాదు. ఆ లొకేషన్ అన్న మాటకి సవరణ వేయండి. రాళ్ల మీద కూర్చోవద్దని, పై మెట్టు దాకా ఎక్కి ఆ 917 పేర్లు చూడమని రాయండి. ఈ జూన్‌లో మళ్లీ వెళ్తున్నాం, ఈసారి పద్నాలుగు మందిమి. వాన పడినా పడకపోయినా మొదటి రోజు సెమెట్రీకే అని అందరికీ ముందే చెప్పేశాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, కాకినాడ