మళ్లీ కండువా మార్చిన మా కార్పొరేటర్ గారికి బహిరంగ లేఖ

కార్పొరేటర్ గారూ, నమస్కారమండి. మా వీధి పక్కన పారే గెడ్డ, అదే ఆ కాలువ, దాని గోడ గురించి ఇది నాలుగో అర్జీ. మొదటి మూడూ మీ ఆఫీసులోనే ఇచ్చాం, మీ పీఏ "అన్న చూసుకుంటారు" అని తీసుకున్నాడు. మొన్నెళ్లి అడిగితే "అవి పాత పార్టీలో ఉన్నప్పటివి కదండీ" అంటాడేటి! గెడ్డకి కూడా పార్టీ ఉంటాదని మాకు తెలీదు బాబూ.

2021 మార్చిలో ఫ్యాను గుర్తు మీద గెలిచారు, మన విశాఖ కార్పొరేషన్‌ 98 వార్డుల్లో 58 ఆ పార్టీకే వచ్చాయి, సరే. 2025 ఏప్రిల్‌లో మేయర్ మీద అవిశ్వాసం అనగానే క్యాంపుకెళ్లిపోయారు, ఫోన్ స్విచాఫ్, తిరిగొచ్చేసరికి మెళ్లో పసుపు కండువా. "వార్డు అభివృద్ధి కోసమే" అన్నారు. ఆ అభివృద్ధి ఏదో మా వీధికి ఇంకా అడ్రస్ దొరకనట్టుంది, ఎందుకంటే గంట వాన పడితే చాలు గెడ్డ నీళ్లు వంటింట్లోకి వచ్చేస్తన్నాయి, గ్యాస్ బండ మంచం మీద, మంచం కాళ్ల కింద ఇటుకలు, బియ్యం మూట అటక మీద, మా అత్తగారు రాత్రంతా గుమ్మం దగ్గర కూర్చుని మెట్లు లెక్కపెడతారు, రెండో మెట్టు మునిగితే పిల్లల్ని లేపాలి కదా. మీ క్యాంపులో ఏసీ ఉండే ఉంటాది లెండి.

ఇప్పుడు 2029 ఎమ్మెల్యే టికెట్ కోసం ఇంకో గుమ్మం తొక్కుతున్నారని వీధంతా అనుకుంటన్నారు. తొక్కండి, మీ ఇష్టం. కానీ గాలి ఎటుంటే అటు దూకితే గెలిచేసినట్టే అనుకోకండి. 2019లో రాష్ట్రమంతా ఫ్యాను గాలే, 175లో 151. అప్పుడు కూడా మా విశాఖ తూర్పు, పశ్చిమ, ఉత్తర, దక్షిణ నాలుగూ సైకిల్‌కే ఇచ్చాం. ఆ 151 కాస్తా 2024లో 11 అయింది, మర్చిపోయారా? ఇక్కడ డబ్బులు తీసుకునేవాళ్లు లేరని నేను అనను, ఉన్నారు, తీసుకుని వాళ్లకి నచ్చినోళ్లకే గుద్దుతారు, అది మీకూ ఎరికే.

దయచేసి ఆ గోడ సంగతి చూడండి. ఏ కండువాతో వచ్చినా పర్లేదు, వాన పడే రోజు రండి. మీ పుట్టినరోజు ఫ్లెక్సీ మా వంటింటి రేకుల మీద కప్పుకున్నాం, అది మొన్న గాలికి మీ మీసం దగ్గర చిరిగిపోయింది. వచ్చేటప్పుడు కొత్త పార్టీది ఒకటి తెస్తే మాకు ఆసరాగా ఉంటాది.

ఇట్లు,
గెడ్డ పక్క వీధి ఓటరు